ఎర్రగుడ్డ మహిమ

మా ఇంట్లో పాత ఎర్రచీర ఒక్కటీ సాంతం మిగలదు. బొంతల్లోకి పోతే బాధ లేదు. మా వారు కారు టాపుమీద ఏది కట్టినా దాని తోకకి ఓ పేలిక కావాలి!

మొన్న మా ఆడపడుచు గృహప్రవేశానికి పందిరి గుంజలు తెచ్చారు. పద్నాలుగడుగుల వెదుళ్లు ఆరు. మా కారు పొడవేమో పన్నెండడుగులకి లోపే. కిటికీల్లోంచి నైలాను తాడు దూర్చి చుట్టేసరికి తలుపులన్నీ బిగుసుకున్నాయి. “నేనెలా ఎక్కాలయ్యా?” అంటే “కిటికీలోంచి వదినా” అన్నాడు మా మరిది. ఎక్కాను కూడా, పట్టుచీరతో!

“ఎర్రగుడ్డ కట్టాంగా, ఇంకేం భయం?” అన్నారు మా వారు. ఈ మాట దగ్గరే నాకు ఒళ్ళు మండుతుంది. మసక చీకట్లో ఎరుపేమిటి, నలుపేమిటి? వెనక స్కూటరు మీద వచ్చే మనిషికి ఆ వెదురు పొడుగ్గా కనబడదు, కొస మాత్రం చిన్న చుక్కలా కనబడుతుంది. అదీ సరిగ్గా మొహం ఎత్తున!

చట్టం ఈ పేలికని మెచ్చుకోదు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం సరుకు పక్కలకిగాని, ముందువెనకలకిగాని, ఎత్తుకిగాని పరిమితి దాటితే 20,000 రూపాయల జరిమానా. దింపించే ఖర్చూ మనదే. సరుకు వాహనాలకి ఒక మీటరు దాకా ఉన్న సడలింపుని 2014లోనే తీసేశారు. “అది లారీల సంగతి” అంటారీయన. కంట్లో గుచ్చుకునే వెదురుకి లారీదో కారుదో తెలుస్తుందా, మీరే చెప్పండి.

బెంజి సర్కిల్ దగ్గర బ్రేకు వేశారు. కారు ఆగింది, వెదుళ్లు ఆగలేదు. అడ్డంగా చుట్టిన తాడు పక్కకి దొర్లకుండా పట్టుకుంటుంది గాని, ముందుకి జారేదాన్ని ఆపుతుందా? కొసలు రెండూ ముందూ వెనకా బంపరు కిందికి లాగి కట్టాలి, కాస్త దూరం పోయాక ఆగి తాడు బిగువు చూసుకోవాలి. మా ముందు స్కూటరు వెనక సీటు మీద ఓ పిల్ల, జడలో కనకాంబరాలు. ఆ జడకి జానెడు దూరంలో ఆగాయి కొసలు. ఆ పిల్ల వెనక్కి తిరిగి చూడనైనా లేదు. నాకు ఆ రాత్రి నిద్ర లేదు.

ఇంతా చేసి పందిరికి తొమ్మిదడుగులు చాలట! అడితిలోనే కోయించుకుంటే ఏం పోయింది?

నిన్న ఆదివారం నిచ్చెన తేవడానికి బయల్దేరుతూ “ఏమోయ్, ఎర్రగుడ్డ ముక్కేమైనా ఉందా?” అన్నారు. బీరువాకి తాళం వేసి, తాళంచెవి బొడ్లో దోపుకున్నాను.