పుటల పట్టికలు - మెమొరీ పద్దు

కంప్యూటరు మందగించినదనగానే అదనపు మెమొరీ కొనవలెనను మాట మన కార్యాలయములలోను, కళాశాలలలోను పరిపాటియైనది. ఉన్న మెమొరీ ఎచ్చటికి పోవుచున్నదో విచారించువారు తక్కువ. సాహిత్యము బోధించు మాకు ఈ విషయమున జోక్యమేలయని విద్యార్థులు నవ్వుకొనవచ్చును. అయినను లెక్క సులభమైనది, తెలుగులో చెప్పదగినది.

1962లో మాంచెస్టరు విశ్వవిద్యాలయమున పనికి వచ్చిన అట్లాస్ యంత్రము నాటినుండి మెమొరీని పుటలుగా విభజించు పద్ధతి నడచుచున్నది. ప్రోగ్రాము తనకు తెలిసిన చిరునామాను చెప్పును. ఆ పుట నిజముగా ఎచ్చట నున్నదో చూపుటకు కెర్నెలు పట్టికలు ఉంచును. నేటి 64 బిట్ల ఇంటెల్, ఏఎండీ యంత్రములలో సాధారణమైన పుట 4096 బైట్లు. పట్టికలో దాని పద్దు 8 బైట్లు. అనగా 512వ వంతు. ఇంతమాత్రము ఎవరికిని భారము కాదు.

చిక్కంతయు ఉమ్మడి వాడుకలో నున్నది. పోస్ట్‌గ్రెస్ వంటి డేటాబేసులో ప్రతి కనెక్షనుకు ఒక ప్రాసెసు ఉండును. అవన్నియు 16 జీబీ ఉమ్మడి మెమొరీని చూచుచున్నవనుకొందము. విషయము ఒక్కటే, పట్టికలు మాత్రము ఎవరివి వారివే. గ్రంథాలయమునకు వచ్చిన ప్రతి పాఠకునికిని పుస్తకముల జాబితాను వేరుగా వ్రాయించి యిచ్చినట్లున్నది ఈ వ్యవహారము. ఒక్కొక్క ప్రాసెసు ఆ మెమొరీ నంతటిని తాకినచో దానికి 32 ఎంబీ పట్టికలు కావలెను. 512 ప్రాసెసులకు కలిపి 16 జీబీ! విషయమెంతయో పట్టికయు అంతే. పైగా లినక్సులో ఈ పట్టికలను డిస్కునకు తరలించి చోటు చేసికొనుటకును వీలులేదు.

2 ఎంబీల హ్యూజ్ పేజీలు వాడినచో పై లెక్కలోని 16 జీబీ పట్టికలు 32 ఎంబీకి దిగివచ్చును. డేటాబేసు నడుపువారు దీనిని వాడకుండుట అజాగ్రత్తయే యని మా అభిప్రాయము. కాని అన్నింటికిని ఇదే మందు కాదు. కొద్ది బైట్లకై 2 ఎంబీలు బిగించుట మరియొక దుబారా. అంత పెద్ద ఎడతెగని చోటు అన్నివేళల దొరకదు కూడ.

పట్టికలనే ఉమ్మడిగా వాడరాదా యన్న ప్రశ్న పాతది. 2003లో అటావాలో జరిగిన లినక్సు సమావేశమున డేవ్ మెక్‌క్రాకెన్ దీనిపై పత్రము సమర్పించెను. 2022లో ఖాలిద్ అజీజ్ ఎమ్‌షేర్ అను పేర మరల ప్రతిపాదించెను. ఆలోచన న్యాయమైనదే. అయితే చదువుటకా, వ్రాయుటకా అను అనుమతులును ఆ పద్దులలోనే యుండును. ఒకరు మార్చినచో అందరికిని మారును. అందుచే ప్రోగ్రామరు తెలిసి అంగీకరించినప్పుడే ఈ ఉమ్మడి తగును. కెర్నెలు తనంత తాను చేయరాదు.

మాకు మిక్కిలి నచ్చినది మూడవ మార్గము. ప్రోగ్రాము పుటలను తిరిగి యిచ్చివేసినను, చిరునామాలను విడువనంతవరకు, ఖాళీ పట్టికలు అట్లే మిగిలిపోవుచుండెడివి. ఒక్కొక్క పట్టిక 4096 బైట్లు. ప్రజలు ఖాళీచేసిన ఊరికి కరణము లెక్కలు మోయుచున్నట్లు! 2025లో వెలువడిన లినక్సు 6.14లో, ఇట్లు ఖాళీయైన పట్టికలను పై యంత్రములలో విడుదల చేయు ఏర్పాటు చేరినది. వెదకుటకు కొంత కాలము పట్టునను ఆక్షేపణ కలదు. అది కొంతవరకు నిజమే. అయినను ప్రోగ్రామరును ఏమియు కోరక, ఎవరి హక్కును మార్చక మిగుల్చు పొదుపు ఇది. కావున మొదట చేయదగినది ఇదియే.

మన ప్రయోగశాలలోని చిన్న యంత్రములకు ఈ బెడద స్వల్పమే. బాధ కలుగునది అనేక ప్రాసెసులు నడుచు సర్వరుకే. విద్యార్థులారా, లినక్సులో మెమ్‌ఇన్ఫో అను ఫైలు తెరచి, పేజ్‌టేబుల్స్ అను పంక్తి యెదుటి సంఖ్యను సర్వరు రద్దీగా నున్నవేళ వ్రాసికొనుడు. అదనపు మెమొరీకై వచ్చు ప్రతి అర్జీతోను ఆ సంఖ్యను జతపరచవలెనని కమిటీవారు నిర్ణయింపవలసినదిగా కోరుచున్నాము.