గ్రంథాభిమానులును వెండితెరయును

ఒక గ్రంథమును ప్రేమించి పలుమాఱులు చదివినవాడు, అది చలనచిత్రముగా వచ్చుచున్నదని విన్నప్పుడు రెండు భావములకు లోనగును. ఇంతవఱకు తన మనస్సున మాత్రమే చూచుచుండిన లోకమును కన్నులార చూడబోవుచున్నానను సంతోషము మొదటిది. ఆ లోకమును ఇతరులు చెఱచియుందురేమో యను భయము రెండవది. చిత్రము చూచి వెలుపలికి వచ్చిన పిమ్మట అతడు పలుకు మాటలలో ఈ రెండును కలిసియే యుండును. అట్టి యభిమానుల మాటలనే మేమిచ్చట విచారింపదలచితిమి. వారి ఫిర్యాదులలో న్యాయమైనది ఏది, వట్టి విసుగువలన పుట్టినది ఏది యను ప్రశ్న వినోదముతో ముగియునది కాదు. తాము చదివినదానిని గూర్చి యుక్తముగా తీర్పు చెప్పుట నేర్చుకొనుచున్న మన విద్యార్థులకు అది చదువులోని భాగమే.

ఇందుకు నిదర్శనముగా మేము గ్రహించినది ఆంగ్లేయుడగు జె. ఆర్. ఆర్. టోల్కీన్ రచించిన "లార్డ్ ఆఫ్ ది రింగ్స్" అను బృహత్కథ. ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమున ఆచార్యపదవి నలంకరించిన ఈయన దీనిని పెక్కేండ్లు శ్రమించి వ్రాసెను. ఇది 1954, 1955 సంవత్సరములలో మూడు సంపుటములుగా వెలువడెను. కథాసారమును కొలది మాటలలో చెప్పవచ్చును. సౌరాన్ అను దుష్టప్రభువు తన శక్తిలో చాలభాగము నిమిడ్చి ఒక ఉంగరము చేసెను. అది తన్ను ధరించినవారి మనస్సును క్రమముగా లోబఱచుకొని చెఱచును. దానిని అది పుట్టిన అగ్నిపర్వతమునందే పడవైచి నశింపజేయుటకై, హాబిట్లు అను పొట్టిజాతికి చెందిన ఫ్రోడోయు, అతని తోటమాలి సామ్‌యు బయలుదేఱుదురు. పీటర్ జాక్సన్ అను దర్శకుడు ఈ కథను తన జన్మదేశమగు న్యూజీలండునందు చిత్రించి, 2001, 2002, 2003 సంవత్సరములలో వరుసగా మూడు చిత్రములుగా వెలువరించెను. మూడవ చిత్రమునకు 2004లో 11 ఆస్కారు బహుమతులు లభించెను.

అభిమానులు సంతోషించిన సంగతులును కలవని మఱువరాదు. టోల్కీన్ గ్రంథములకు అంతకు ముందే బొమ్మలు వ్రాసి పేరుపొందిన అలన్ లీ, జాన్ హౌ అను చిత్రకారులనే జాక్సన్ పిలిపించి, ఊళ్లకును కోటలకును రూపకల్పన చేయించెను. అందుచేత హాబిట్ల గుండ్రని తలుపుల యిండ్లు తెరపై కనబడినప్పుడు చాలమందికి ఎఱిగిన యూరికి తిరిగి వచ్చినట్లు తోచెను. మాటమాటా పట్టణము చెంత గొఱ్ఱెలు మేయు భూములలో కట్టిన ఆ యూరిని నేటికిని యాత్రికులు పోయి చూచుచున్నారు. గ్రంథమున కొలది మాటలలో ముగిసిన బోరోమిర్ అను వీరుని మరణమును చిత్రము విస్తరించి చూపెను. ఉంగరమున కాశపడి తప్పుచేసిన ఆ వీరుడు, తనకంటె చిన్నవారిని కాపాడుచు ప్రాణము లర్పించుట తెరమీద చూచి, గ్రంథమునందుకంటె ఇచ్చటనే అది మనస్సునకు హత్తుకొనెనని చెప్పిన చదువరులును కలరు.

అయినను ఫిర్యాదులు తక్కువ కావు. అడవి చెంత నివసించుచు, ఉంగరమునకు ఏమాత్రమును లొంగని టామ్ బాంబడిల్ అను వింతపురుషుడు చిత్రమున కానరాడు. గాయపడిన ఫ్రోడోను ఏటిరేవునకు చేర్చునప్పుడు, ఎల్ఫులను అమరజాతికి చెందిన గ్లోర్‌ఫిండెల్ అను వీరునకు మాఱుగా, ఎల్రండ్ కుమార్తె యగు ఆర్వెన్ వచ్చును. హెల్మ్స్ డీప్ కోటయుద్ధమునకు గ్రంథమున రాని ఎల్ఫుల సైన్యము చిత్రమున వచ్చును. ఫ్రోడో, గొల్లమ్ పన్నిన మోసమును నమ్మి, ప్రాణస్నేహితుడగు సామ్‌ను ఇంటికి పొమ్మనును. గ్రంథమున ఇట్టి ఘట్టమే లేదు. ఫారామిర్ అను సేనాని నడత మాఱినది. తుది యధ్యాయములలో ముఖ్యమైనదొకటి పూర్తిగా విడువబడినది. ఇవి చూచి కొందఱు చిత్రములను మొత్తముగా త్రోసిపుచ్చిరి. మఱికొందఱు ప్రతి మార్పునకును ఏదో యొక సమర్థనము కల్పించిరి. చిత్రములు వెలువడి ఇరువదియేండ్లు దాటినను ఈ వాదము చల్లారలేదు.

ఈ తగవున గ్రంథకర్త యే పక్షమున నుండెడివాడు? టోల్కీన్ 1973లో మరణించెను గాన ఈ చిత్రములను చూడలేదు. కాని 1957, 1958 సంవత్సరములలో కొందఱు ఈ కథను చిత్రముగా తీయదలచి కథాప్రణాళికను సిద్ధము చేయగా, దానిని చదివి ఆయన వ్రాసిన లేఖలు అచ్చయియున్నవి. ఒక్క మాటయు మార్చరాదని ఆయన పట్టుపట్టియుండునని మనము తలంపవచ్చును. లేఖలు వేఱు విధముగా చెప్పుచున్నవి. కథనంతయు కుదించి ఇఱికించుటకంటె, కొన్ని భాగములను ఎన్నుకొని తక్కినవి విడుచుటయే మేలని ఆయన యెంచెను. ఆయనకు కోపము తెప్పించినవి అక్కఱలేని పోరాటములు, కథనము నందలి తొందరపాటు, పాత్రల స్వభావమును గ్రహింపకపోవుట. మూలకథకు మర్మస్థానము ఎచ్చట నున్నదో తెలియక, దానికి తగని వానిని చొప్పించుటచేతనే చిత్రములు తఱచుగా చెడునని ఆయన యభిప్రాయము.

దీనినుండి మేమొక నియమమును గ్రహించుచున్నాము. "ఇది చిత్రమున ఏల లేదు?" అని అడుగబోవు చదువరి, "ఇది గ్రంథమున ఏ పని చేయుచుండెను?" అని ముందుగా తన్ను తాను ప్రశ్నించుకొనవలయును. జవాబు చెప్పగలిగినచో వాని ఫిర్యాదు విమర్శ యగును; చెప్పజాలనిచో అలవాటైన వస్తువు చోటు తప్పినందులకు కలిగిన చికాకు మాత్రమే యగును.

ఈ నియమముతో బాంబడిల్ సంగతిని పరీక్షింతము. అతడు లేకున్నను ఫ్రోడో ప్రయాణము సాగును. కావున చిత్రము నిడివిని తలచి అతనిని విడుచుట క్షమింపదగినదే. కాని జాగ్రత్తగా చదివినవారు మఱియొకటి చూపుదురు. బాంబడిల్ యింటినుండి వెడలిన హాబిట్లకు పురాతనుల సమాధిదిబ్బలయందు కత్తులు దొరకును. అవి పూర్వము ఆంగ్‌మార్ మంత్రరాజుతో పోరిన జాతివారు చేసినవి. మూడవ సంపుటమున మెర్రీ అను హాబిట్ అట్టి కత్తితోనే ఆ మంత్రరాజును పొడుచును; వానిని రక్షించుచున్న మాయ తెగును; అంతట ఈయోవిన్ అను వీరవనిత వానిని వధించును. చిత్రమున ఆ దిబ్బలు లేవు గనుక మెర్రీ చేతి కత్తికి ఆ చరిత్ర లేదు. ఆ పోటు ఏల ఫలించెనో చూపఱులకు తెలియదు. అలంకారమని తీసివేసినది ఒక్కొక్కప్పుడు దూలమునకు ఆధారమైన స్తంభమై యుండును. దీనిని కనిపెట్టి చెప్పిన యభిమానిని మేము మెచ్చుకొందుము.

ఫారామిర్ సంగతి ఇంతకంటె గొప్పది. బోరోమిర్‌కు తమ్ముడగు ఇతడు ఫ్రోడోను అడవిలో పట్టుకొనును. ఉంగరమును లాగికొనుటకు బలము కలదు, సైన్యము కలదు, అడ్డు చెప్పువాడు లేడు. అయినను గ్రంథములోని ఫారామిర్ దానిని కోరక, వారికి ఆహార మిచ్చి సాగనంపును. చిత్రములోని ఫారామిర్ వారిని బందీలుగా ఆస్గిలియాత్ నగరమునకు తీసికొనిపోయి, పిమ్మట మనస్సు మార్చుకొని విడుచును. ఉంగరముయొక్క ఆకర్షణము తిరుగులేనిదని అంతవఱకు చూపివచ్చి, ఒక్కడు దానిని సులభముగా కాదనినచో కథకు బిగువు పోవునని చిత్రకర్తలు కారణము చెప్పిరి. ఇది త్రోసివేయదగిన వాదము కాదు. కాని అన్న పడిపోయిన చోటనే తమ్ముడు నిలిచెననుటయే గ్రంథమున ఫారామిర్ పని. అధికారము చేతికందినను దానిని కోరని మనుష్యుడు ఉండగలడని చదువరికి చూపుటకే అతడున్నాడు. అట్టివాడు కథలలోనైనను కనబడకపోయినచో పిల్లలు వానిని ఎచ్చట చూతురు? ఇచ్చట అభిమానుల ఫిర్యాదు న్యాయమని మా తీర్పు.

విడువబడిన తుదిఘట్టము గూడ ఇట్టిదే. గ్రంథమున హాబిట్లు విజయము పొంది ఊరికి మఱలివచ్చునప్పటికి, దుర్జనులు చెట్లు నఱికించి, ఇండ్లు కూల్చి, పెత్తనము చేయుచుందురు. రాజులును మంత్రజ్ఞులును సాయము రారు. ఆ నలువురే ఊరివారిని మేల్కొలిపి దుర్జనులను వెడలగొట్టుదురు. గలాడ్రియల్ రాణి కానుకగా నిచ్చిన మన్నును సామ్ ఊరంతట చల్లి మరల చెట్లు పెంచును. చిత్రమున ఊరు చెక్కుచెదరక యుండును. పర్వతముపై ఉంగరము నశించిన పిమ్మట మఱియొక పోరాటమును చూపఱులు భరింపజాలరనుట నిజమే కావచ్చును. అయినను దూరదేశమున వీరులైనవారికి తమ యూరిని బాగుచేయు పని మిగిలియుండుననెడి పాఠము తెరమీద దొరకదు. దానికై పుస్తకమునే తెఱవవలయును.

కోతలే కాదు, చేర్పులును కథను చెఱుపగలవు. 1937లో వెలువడిన "హాబిట్" అను టోల్కీన్ చిన్నపుస్తకమును ఆ దర్శకుడే 2012, 2013, 2014 సంవత్సరములలో మూడు చిత్రములుగా సాగదీసెను. గ్రంథమున లేని టౌరియల్ అను యువతి అందు వచ్చెను. ఆమెకొక ప్రేమకథయు కల్పింపబడెను. అప్పుడు అభిమానుల మొఱ తలక్రిందులయ్యెను. మునుపు "ఇది లేదేమి?" అన్నవారు, ఇప్పుడు "ఇది ఎచ్చటిది?" అనిరి. అందు కొందఱు మూడు చిత్రములను తామే కత్తిరించి, గ్రంథమున నున్నంత మట్టుకు నిలిపి, ఒక్కటిగా కూర్చుకొనిరి.

మన దేశమున కథలను మార్చి చెప్పుట క్రొత్త కాదు. 1957లో కె. వి. రెడ్డి తీసిన మాయాబజారు కథకు మూలమైన శశిరేఖ వ్యాసభారతమున లేదు. తెలుగువారు ఆ చిత్రమును నెత్తిన పెట్టుకొనిరి. ఘటోత్కచుడు ఎన్ని మాయలు పన్నినను మనకు సమ్మతమే. కాని ధర్మరాజును లోభిగా చూపినచో మన పల్లెలలోని వృద్ధులు సహింతురా? సంఘటనలు మాఱవచ్చును, స్వభావము మాఱరాదు అనునది మనవారు వ్రాసికొనకయే పాటించు నియమము. ఫారామిర్‌ను గూర్చి దూరదేశపు చదువరులు చేసిన ఫిర్యాదు మనకు సులభముగా బోధపడుట ఇందువలననే.

ఇక అభిమానుల నడతను గూర్చి ఒక మాట. టోల్కీన్ కుమారుడును, తండ్రి వ్రాతలను పరిష్కరించి ప్రకటించినవాడును అగు క్రిస్టొఫర్ టోల్కీన్, 2012లో ఒక ఫ్రెంచి పత్రికతో మాటలాడుచు, ఈ చిత్రములు గ్రంథపు సారమును తీసివేసి దానిని యువకులకు పోరాటచిత్రముగా చేసెనని కఠినముగా నిందించెను. జీవితమంతయు ఆ గ్రంథములకు ధారవోసినవాని మాటకు బరువు కలదు. కాని అంత శ్రమ చేయనివారును అంతటి కోపమును అరువు తెచ్చుకొని, నటులను దూషించుటయు, చిత్రము చూచిన పిమ్మట పుస్తకము పట్టినవారిని చిన్నచూపు చూచుటయు తగదు. గుడిసెనుండి వచ్చినను మేడనుండి వచ్చినను బావివద్ద నీరు ఒక్కటే. తెరమీద కథను చూచి పుస్తకమును వెదకికొనుచు వచ్చిన బాలుడు, ముప్పదియేండ్లుగా చదువుచున్న పెద్దవానికి సహాధ్యాయియే.

విద్యార్థులారా, అవకాశమున్నప్పుడు పుస్తకమునే ముందు చదువుడు. ఒకసారి తెరమీది ముఖము మనస్సున నిలిచినచో, మీ యూహలో పుట్టవలసిన ముఖము మరల పుట్టుట కష్టము. తలిదండ్రులకు మా విన్నపమేమనగా, పిల్లలు చిత్రము చూచి వచ్చి "పుస్తకములో ఇట్లు లేదు" అన్నప్పుడు వారిని విసుగుకొనక, "అయినచో ఎట్లున్నది?" అని అడుగుడు. ఆ యొక్క ప్రశ్నవలన బిడ్డ పుటలు త్రిప్పును, ఆలోచించును, కారణము చెప్పుట నేర్చును. ఈ సెలవులలో మీకు నచ్చిన యేదేని కథలో తెర చేసిన ఒక్క మార్పును ఎన్నుకొని, అది న్యాయమో కాదో కారణములతో ఒక పుటకు మించకుండ వ్రాసి తెండు. కోపమును కారణముగా మార్చగలిగినవారి వ్రాతలను ఈ పత్రికలో చూడవలెనని మా కోరిక.