బొమ్మ ఎక్కడ పడాలి... హాల్లోనా, అరచేతిలోనా?

ఈ వారం కబుర్లు అంకెలతో మొదలుపెడతాను. లెక్కలనగానే పేజీ తిప్పేయకండి, ఇవి సినిమా లెక్కలే!

'వకీల్ సాబ్' 2021 ఏప్రిల్ 9న హాళ్లలోకి వచ్చింది. సరిగ్గా 21 రోజులకి, ఏప్రిల్ 30న, అమెజాన్ ప్రైమ్‌లో ప్రత్యక్షమైంది. 'పుష్ప' మొదటి భాగం 2021 డిసెంబర్ 17న విడుదలైతే, తెలుగు బొమ్మ 2022 జనవరి 7 కల్లా ఫోన్లోకి దిగిపోయింది. మళ్లీ 21 రోజులే! అదే 'పుష్ప 2' దగ్గరికొచ్చేసరికి కథ మారింది. 2024 డిసెంబర్ 5న రిలీజైన సినిమా నెట్‌ఫ్లిక్స్ మొహం చూసింది 2025 జనవరి 30న. అంటే 56 రోజులు.

హీరో ఆయనే, దర్శకుడూ ఆయనే. మరి 21 కాస్తా 56 ఎలా అయింది? హీరోగారి మనసు మారి కాదు. హిందీ సినిమా తమ తెరమీద ఆడాలంటే ఎనిమిది వారాల దాకా ఓటీటీలో వెయ్యకూడదని దేశమంతా హాళ్లున్న పెద్ద మల్టీప్లెక్సు సంస్థలు పట్టుబడతాయి. ఉత్తరాది మార్కెట్టు కావాలనుకున్న తెలుగు సినిమా ఆ షరతుకి తలొగ్గాలి. 'కల్కి 2898 ఏడీ' కూడా అంతే. 2024 జూన్ 27న హాల్లోకి, ఆగస్టు 22న ఓటీటీలోకి. అచ్చంగా 56 రోజులు. ఆ అవసరం లేని 'గుంటూరు కారం' మాత్రం 2024 జనవరి 12న వచ్చి, ఫిబ్రవరి 9కి, అంటే 28 రోజులకే ఇంటికొచ్చేసింది.

అంటే ఏమిటన్నమాట? గట్టిగా అడిగినవాడికి ఎనిమిది వారాలు దొరుకుతాయి. అడగలేనివాడికి నాలుగే. మన మండల కేంద్రంలో ఒంటి తెర హాలు నడుపుకునే ఆసామి ఆ అడగలేనివాళ్ల జాబితాలో ఉన్నాడు.

* * *

ఈ పోట్లాట నిన్నా మొన్నా పుట్టింది కాదు. 2013లో కమల్ హాసన్ 'విశ్వరూపం' సినిమాని హాళ్లకంటే ముందే డీటీహెచ్‌లో చూపిస్తానన్నప్పుడు తమిళనాట ప్రదర్శకులు భగ్గుమన్నారు. ఆఖరికి ఆ ఆలోచన పక్కకి పోయింది. ఏడేళ్లు తిరిగేసరికి కరోనా వచ్చి హాళ్లకు తాళాలు వేయించింది. అప్పుడు ఎవరు అడ్డుపడినా ఆగలేదు. 2020 సెప్టెంబర్ 5న నాని, సుధీర్ బాబుల 'వి' సరాసరి ప్రైమ్‌లోకి వచ్చింది. అక్టోబర్ 2న అనుష్క 'నిశ్శబ్దం' వచ్చింది. హాళ్లే లేనప్పుడు తప్పెవరిది? ఎవరిదీ కాదు. అప్పు తెచ్చి సినిమా తీసిన నిర్మాతకి వడ్డీ అయితే లాక్‌డౌన్‌లో ఆగలేదు కదా!

అసలు గొడవ హాళ్లు తెరిచాక వచ్చింది. 2021లో 'టక్ జగదీష్'ని వినాయక చవితికి, సెప్టెంబర్ 10న, ప్రైమ్‌లో వేస్తామన్నారు. అదే రోజున 'లవ్ స్టోరీ'ని హాళ్లలో వెయ్యాలని వాళ్లు కూర్చున్నారు. దాంతో తెలంగాణ ఎగ్జిబిటర్లు ప్రెస్ మీట్ పెట్టి నానిమీద విరుచుకుపడ్డారు. మాట కాస్త జారింది కూడా. తరవాత వాళ్లే విచారం వెలిబుచ్చారు. 'లవ్ స్టోరీ' సెప్టెంబర్ 24కి జరిగింది. తమాషా ఏమిటంటే, అదే ఏడాది జులై 20న 'నారప్ప', నవంబర్ 25న 'దృశ్యం 2' కూడా సరాసరి ప్రైమ్‌కే వెళ్లాయి. ఆ రెంటి నిర్మాణంలోనూ ఉన్నది సురేష్ బాబుగారు. స్వయంగా థియేటర్లు నడిపే మనిషి! రెండు పడవలూ ఆయనవే అయినప్పుడు కూడా, ఆ రోజుకి ఏది మునగదో అందులోనే ఎక్కారు. ఆయన్ని తప్పుపట్టడానికి చెప్పడం లేదు. ఇది మంచివాళ్లకీ చెడ్డవాళ్లకీ మధ్య యుద్ధం కాదని చెప్పడానికి చెబుతున్నాను.

* * *

ఇక డబ్బు సంగతి. నిర్మాత సినిమాని ఏరియాలవారీగా అమ్ముతాడు. నైజాం, సీడెడ్, ఉత్తరాంధ్ర, గుంటూరు, కృష్ణా, ఓవర్సీస్... ఇదంతా హాలు డబ్బు. శాటిలైట్, డిజిటల్, హిందీ డబ్బింగ్, ఆడియో... ఇది బయటి డబ్బు. కరోనా రోజుల్లో ఓటీటీలు చందాదార్ల కోసం పోటీపడి ఈ బయటి డబ్బుని విపరీతంగా పెంచేశాయి. దాన్ని చూసుకుని స్టార్ల పారితోషికాలు పెరిగాయి, బడ్జెట్లు పెరిగాయి. తరవాత ఓటీటీలు చెయ్యి బిగించాయి. పెరిగిన ఖర్చు మాత్రం దిగిరాలేదు! ఇప్పుడు సినిమా ఏ తేదీన విడుదల కావాలో ఓటీటీ క్యాలెండరు చూసి నిర్ణయించుకోవలసి వస్తోందని నిర్మాతలే బాహాటంగా వాపోతున్నారు.

అందుకే 2022 ఆగస్టు 1 నుంచి నిర్మాతలు షూటింగులు ఆపేసి మరీ కూర్చున్నారు. హాల్లో విడుదలైన ఎనిమిది వారాల దాకా ఓటీటీలో వెయ్యకూడదని తీర్మానించుకున్నారు. చప్పట్లు కొట్టాం. కానీ పైన చెప్పిన 'గుంటూరు కారం' లెక్క ఆ తీర్మానం తరవాతదే. 2025 జనవరి 10న వచ్చిన 'గేమ్ ఛేంజర్' కూడా ఫిబ్రవరి 7న, అదే 28 రోజులకి, ప్రైమ్‌లో ఉంది. తీర్మానం కాగితంమీద చల్లగా నిద్రపోతోంది.

విచిత్రం ఇంకోటుంది, మీరూ గమనించే ఉంటారు. డబ్బిచ్చి టిక్కెట్టు కొనుక్కుని హాల్లో కూర్చుంటామా, లైట్లార్పగానే టైటిల్స్‌లోనే 'డిజిటల్ పార్ట్‌నర్' అంటూ ఫలానా ఓటీటీ బొమ్మ పడుతుంది. భోజనం వడ్డిస్తూనే, "ఇదే కూర వచ్చే నెల మీ ఇంటికే పంపిస్తాం లెండి" అన్నట్టు! ఇక పక్కింటి పిన్నిగారు ఎందుకు వస్తారు హాలుకి?

* * *

పిన్నిగారి తప్పేమీ లేదు, సుమా! హైదరాబాదు మల్టీప్లెక్సులో 295 రూపాయల టిక్కెట్టు నలుగురికి తీస్తే 1180. పాప్‌కార్న్, కూల్‌డ్రింకు, బండి పార్కింగు, రానూపోనూ పెట్రోలు దీనికి అదనం. 'పుష్ప 2' ప్రీమియర్ షోకైతే టిక్కెట్టుమీద 800 రూపాయలు అదనంగా తీసుకోవడానికి ప్రభుత్వమే అనుమతిచ్చింది. ఆ డబ్బుతో ఇంటిల్లిపాదీ నెలల తరబడి ఓటీటీ చూసుకోవచ్చు. "ప్రేక్షక దేవుళ్లు రావడంలేదు" అని స్టేజీలమీద బాధపడేవాళ్లు, ఆ దేవుళ్ల దర్శనం టిక్కెట్టు ఎంత పెట్టారో ఒకసారి చూసుకోవాలి.

మొన్నీమధ్య పనిమీద గోదావరి జిల్లాలో ఓ చిన్న వూరు వెళ్లి, అక్కడి హాలు యజమానితో కాసేపు కూర్చున్నాను. మ్యాట్నీకి ముప్ఫైమంది కూడా లేరు. "పెద్ద హీరో సినిమాకి మూడు రోజులు జనం వస్తారండీ. నాలుగో రోజు నుంచి ఈగలు తోలుకోవాలి. చిన్న సినిమాకి ఆ మూడు రోజులు కూడా ఉండవు. బాగుందట కదా అంటే, ఓటీటీలో చూద్దాంలే అంటారు" అన్నాడాయన. ఆ హాలునే నమ్ముకుని క్యాంటీనువాడున్నాడు, సైకిల్ స్టాండువాడున్నాడు, గేటు దగ్గర టిక్కెట్టు చింపే తాతగారున్నారు. బొమ్మ లేనిరోజు వాళ్లకి కూలి లేదు. 2024 మేలో తెలంగాణలో ఒంటి తెర హాళ్లు జనం లేక పదిరోజులపాటు మూసేశారంటే, మూతపడింది ఇలాంటివాళ్ల పొయ్యిలే.

చిన్న సినిమావాడి గతి ఇంకా దారుణం. 2020 అక్టోబర్ 23న 'కలర్ ఫోటో' ఆహాలో వచ్చింది. హాల్లో వచ్చుంటే ఓ మార్నింగ్ షో ఇచ్చి సాగనంపేవారేమో! ఓటీటీ పుణ్యమా అని ఇంటింటికీ చేరింది, ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ అవార్డు కూడా తెచ్చుకుంది. 2021లో వచ్చిన 'సినిమా బండి'కి కూడా ఇల్లు చూపించింది నెట్‌ఫ్లిక్సే. ఓటీటీని తిట్టేవాళ్లు ఈ మేలు మరచిపోకూడదు. కానీ ఇప్పుడు గాలి మారింది. కొత్త కుర్రాడు ఓటీటీ తలుపు తడితే, "ముందు హాల్లో ఎలా ఆడిందో చూపించు" అంటున్నారు. హాలుకెళితే, "నీకెవరొస్తారు? అందరూ ఓటీటీలో చూస్తారు" అంటున్నారు. పాపం, వాడు రోడ్డుమీద నిలబడ్డాడు!

* * *

మరి హాలు చచ్చిపోయినట్టేనా? నేనొప్పుకోను. దానికి 'బలగం' సాక్ష్యం.

2023 మార్చి 3న విడుదలైన ఆ చిన్న సినిమా 21 రోజులకే, మార్చి 24న, ఓటీటీలోకి వచ్చేసింది. లెక్కప్రకారం ఎవరి ఫోన్లో వాళ్లు చూసుకుని ఊరుకోవాలి. కానీ తెలంగాణ పల్లెల్లో ఏం జరిగింది? ఊరి నడుమ తెర కట్టారు, ప్రొజెక్టర్ పెట్టారు, ఊరుఊరంతా కింద కూర్చుని చూసింది. చావింటి చుట్టూ తిరిగే ఆ కథ చూసి ఒకరి భుజంమీద ఒకరు పడి ఏడ్చారు. హక్కులు మావి, ఇలా వెయ్యడం కుదరదని నిర్మాతల తరఫున పోలీసులకి ఫిర్యాదులు కూడా వెళ్లాయి. చట్టప్రకారం వాళ్లన్నది నిజమే. అయినా ఆ తెరలు చెప్పిన కబురు మాత్రం చిత్రసీమ చెవినపెట్టాలి. అరచేతిలో సినిమా ఉండగా కూడా జనం పక్కపక్కన కూర్చుని చూడాలనుకున్నారు. వాళ్ల వూళ్లో, వాళ్లకందే ధరలో అది చూపించే హాలు లేదు. అంతే!

ఇంకో సాక్ష్యం కూడా ఉంది. టీవీలో లెక్కలేనన్నిసార్లు వేసిన 'పోకిరి'ని 2022 ఆగస్టు 9న మళ్లీ హాళ్లలో వేస్తే కుర్రకారు తెరముందు చిందులేశారు. అదే సంవత్సరం డిసెంబర్ 31న 'ఖుషి'కీ అదే జాతర. డైలాగులన్నీ కంఠతా వచ్చిన సినిమాకి టిక్కెట్టు ఎందుకు కొన్నట్టు? కథ తెలుసుకోవడానికి కాదు. పదిమందితో కలిసి ఈల వెయ్యడానికి. ఆ ఈల ఒంటరిగా మంచంమీద పడుకుని వేస్తే ఇంట్లోవాళ్లు డాక్టర్ని పిలుస్తారు!

కాబట్టి నా మట్టుకు నేననేది ఇది. ఓటీటీ వద్దనడం, వాన వద్దనడం లాంటిది. గొడుగు సంగతి చూసుకోవాలి. గడువు అందరికీ ఒకటే ఉండాలి. ఉత్తరాది మల్టీప్లెక్సుకి ఇచ్చిన ఎనిమిది వారాలు మన పల్లెటూరి హాలుకీ ఇవ్వాలి. నెల తిరక్కుండానే ఓటీటీ తేదీ చాటింపు వేయడం మానాలి. చిన్న సినిమాకి చిన్న టిక్కెట్టు పెట్టాలి. హాల్లో ఆడే అవకాశం లేదని నిర్మాత ముందే అనుకుంటే, సరాసరి ఓటీటీకి వెళ్లనివ్వాలి. దానికి ప్రెస్ మీట్లూ, శాపనార్థాలూ అక్కర్లేదు. 2025 జనవరి 14న వచ్చిన 'సంక్రాంతికి వస్తున్నాం' మార్చి 1న గానీ బుల్లితెరకి, ఓటీటీకి రాలేదు. ఆ 46 రోజుల్లో నిర్మాత నష్టపోయాడా? ఇంటిల్లిపాదీ హాలుకే కదిలారు!

ఇక మీ వంతు కూడా ఉంది. స్టార్ సినిమాకి తెల్లవారుజాము ఆటకి పరిగెత్తే మీరే, కొత్తవాడి మంచి సినిమా వచ్చినప్పుడు "ఓటీటీలో చూద్దాంలే" అంటున్నారు. నిజానికి ఆ మాట తట్టుకునే శక్తి స్టార్‌కే ఉంది, కొత్తవాడికి లేదు. శుక్రవారం వాడి పోస్టరు కింద నిలబడి ఒక్క టిక్కెట్టు తియ్యండి. బాగుంటే పదిమందికి చెప్పండి, బాగోకపోతే తిట్టుకుంటూ ఇంటికి రండి. తిట్టడానికి కూడా వాడి రెండో సినిమా రావాలి కదా!