పాఠకుడే పోషకుడైతే...

పత్రికను బతికించేది పాఠకుడా, ప్రకటనకర్తా అన్న పాత ప్రశ్న సరికొత్త రూపంలో మళ్లీ ముందుకొచ్చింది. అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో కేంద్రంగా 2017లో ఆరంభమైన సబ్‌స్టాక్ సంస్థ, రచయితలు తమ వ్యాసాలను ఈమెయిల్ ద్వారా నేరుగా చందాదారులకు పంపుకొనే వేదికను సమకూర్చింది. న్యూస్‌లెటర్ అని అందరూ పిలుస్తున్న ఈ వార్తాలేఖల వ్యాపారం కొద్ది సంవత్సరాల్లోనే ఊహించని స్థాయికి విస్తరించింది. 2021 నవంబరులో 10 లక్షలుగా ఉన్న రుసుము చెల్లించే చందాల సంఖ్య, 2025 మార్చి నాటికి 50 లక్షలకు చేరినట్లు ఆ సంస్థే ప్రకటించింది. అదే ఏడాది జులైలో మదుపుదారుల నుంచి 10 కోట్ల డాలర్లు సమీకరించినప్పుడు దాని విలువను 110 కోట్ల డాలర్లుగా లెక్కగట్టారు. వార్తలకు ఎవరూ డబ్బివ్వరన్న నిరాశ ప్రబలిన కాలంలో ఇది విస్మరించరాని పరిణామం.

ఈ వేదిక పనితీరు సరళమైనది. చందా ఎంతో రచయితే నిర్ణయిస్తారు. వసూలైన మొత్తంలో పది శాతం సంస్థ తీసుకుంటుంది. సొమ్ము బదిలీ చేసే స్ట్రైప్ కంపెనీ తన రుసుమును వేరుగా మినహాయించుకుంటుంది. మిగిలినదంతా రచయితదే. వేదికను వీడదలచుకుంటే చందాదారుల చిరునామాల జాబితాను వెంట తీసుకుపోయే వెసులుబాటు సైతం ఉంది. చైనా వ్యవహారాలపై బిల్ బిషప్ వెలువరిస్తున్న వార్తాలేఖతో మొదలైన ఈ ప్రయోగం, అమెరికా రాజకీయాలను గతానుభవాల వెలుగులో వివరించే చరిత్రకారిణి హీథర్ కాక్స్ రిచర్డ్‌సన్ వంటివారికి విస్తృత పాఠకవర్గాన్ని సంపాదించి పెట్టింది. నోబెల్ పురస్కార గ్రహీత, ఆర్థికవేత్త పాల్ క్రుగ్‌మన్ 2024 డిసెంబరులో న్యూయార్క్ టైమ్స్ కాలమ్‌కు స్వస్తి పలికి, తన రచనలకు ఈ వేదికనే ఎంచుకున్నారు.

పాఠకుడి చందాయే పత్రికకు ఆధారం కావాలన్న భావన భారతీయులకు కొత్తదేమీ కాదు. దక్షిణాఫ్రికాలో ఇండియన్ ఒపీనియన్ పత్రిక నడిపిన గాంధీజీ 1912లో అందులో ప్రకటనలకు స్వస్తి చెప్పారు. స్వదేశంలో యంగ్ ఇండియా, నవజీవన్ పత్రికలను సైతం ప్రకటనలు లేకుండానే నడిపారు. తెలుగునాట మరో మార్గం కనిపిస్తుంది. 1908లో బొంబాయిలో వారపత్రికగా పుట్టి, 1914లో మద్రాసులో దినపత్రికగా రూపుదాల్చిన ఆంధ్రపత్రికకు కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు అమృతాంజనం ఆదాయాన్ని అండగా నిలిపారు. దేశోద్ధారక బిరుదాంకితుడి చేతిలో ఆ పద్ధతి జాతికి మేలే చేసింది. కానీ పంతులు వంటి యజమానులు అన్ని కాలాల్లోనూ దొరకరు. నేడు పత్రిక వెల దాని ఉత్పత్తి వ్యయంలో కొంత భాగాన్ని మాత్రమే భరిస్తోంది. మిగతా లోటును ప్రకటనల రాబడి పూడ్చాల్సిందే. ప్రకటనలిచ్చేవారిలో ప్రభుత్వాలే పెద్ద పద్దుగా ఉన్నచోట, కలం ఎటు మొగ్గుతుందో ఊహించడం కష్టం కాదు.

ఈ దృష్టితో చూస్తే సబ్‌స్టాక్ తరహా పద్ధతి మన దేశానికే ఎక్కువ అవసరం. 2012లో మొదలైన న్యూస్‌లాండ్రీ, 2016లో బెంగళూరులో ఆరంభమైన ది కెన్ చందాల మార్గం ఎంచుకుని నిలదొక్కుకున్నాయి. అయితే అవి సిబ్బంది, పెట్టుబడి కలిగిన సంస్థలు. ఒంటరి రచయితకు మాత్రం తలుపు సగమే తెరుచుకుంది. సబ్‌స్టాక్‌లో చందా సొమ్ము అందుకోవాలంటే రచయితకు స్ట్రైప్ ఖాతా ఉండాలి. ఆ కంపెనీ 2024లో భారత్‌లో కొత్త ఖాతాలను తాను ఆహ్వానించినవారికే పరిమితం చేసింది. పాకిస్థాన్, బంగ్లాదేశ్, శ్రీలంక, నేపాల్ రచయితలకు ఆ సేవే అందుబాటులోకి రాలేదు. పత్రికాస్వేచ్ఛకు నిత్యం పరీక్ష ఎదురయ్యే దక్షిణాసియాలో, రాసేవారున్నా, చదివేవారున్నా, చందా చేరే దారి ఒక విదేశీ కంపెనీ చేతిలో చిక్కుకుపోవడం విచారకరం. పైపెచ్చు, కార్డుల నుంచి నెలనెలా ఆటోమేటిగ్గా సొమ్ము మినహాయించుకోవడంపై రిజర్వు బ్యాంకు 2021 అక్టోబరు నుంచి ఆంక్షలు అమలు చేసింది. వినియోగదారుడి రక్షణకు అవి అవసరమే. కానీ వాటికి అనుగుణంగా విదేశీ సంస్థలు తమ ఏర్పాట్లను మార్చుకోవడంలో జరిగిన జాప్యానికి చిన్నచిన్న చందాలు బలయ్యాయి.

అలాగని ఈ నమూనాను సర్వరోగ నివారిణిగా భావించడమూ పొరపాటే. ఇక్కడ లాభపడుతున్నవారిలో అధికులు, పెద్ద పత్రికల నీడలో పేరు సంపాదించుకుని బయటికొచ్చినవారే. మండల కేంద్రంలో తిరిగి కరవు వార్త రాసే విలేకరికి చందాదారులెక్కడి నుంచి వస్తారు? దినపత్రికలో క్రికెట్ పేజీ కోసం డబ్బిచ్చిన పాఠకుడే, తనకు తెలియకుండా ఆ కరవు వార్త ఖర్చునూ కొంత భరిస్తున్నాడు. ఎవరి వ్యాసానికి వారే చందా కట్టే పద్ధతిలో ఆ ఉమ్మడి భారం చెదిరిపోతుంది. ఈ వేదికపై కనీస చందా నెలకు అయిదు డాలర్లు, అంటే నాలుగు వందల రూపాయల పైమాటే. ఒకే ఒక రచయితకు చెల్లించే ఆ సొమ్ము, ఇంటిల్లిపాదీ చదివే తెలుగు దినపత్రిక నెల బిల్లును మించిపోతుంది. నిఖార్సయిన సమాచారం స్తోమత కలిగినవారికి, వదంతులు పేదవారికి మిగిలే దుస్థితి ప్రజాస్వామ్యానికి క్షేమకరం కాదు.

యజమాని లేని వేదిక అన్న మాట కూడా అర్ధసత్యమే. నాజీ భావజాలాన్ని ప్రచారం చేసే వార్తాలేఖల నుంచి సైతం సంస్థ తన వాటా తీసుకుంటోందన్న వివాదం 2023 చివర చెలరేగింది. దానిపై సంస్థ వైఖరి నచ్చక, 2024 జనవరిలో ప్లాట్‌ఫార్మర్ అనే పేరున్న వార్తాలేఖ ఆ వేదికనే వీడింది. ఏది ఉండాలో, ఏది తొలగాలో నిర్ణయించే అధికారం ఎక్కడ ఉంటుందో అక్కడే యాజమాన్యమూ ఉంటుంది. కోట్ల డాలర్లు గుమ్మరించిన మదుపుదారులు రేపు లాభాలు అడగక మానరు. ఇక మన దేశంలో ఒంటరి రచయితకు చట్టం వైపు నుంచీ ముప్పు పొంచి ఉంది. 2021 నాటి ఐటీ నిబంధనలు డిజిటల్ వార్తా ప్రచురణకర్తలను తమ పరిధిలోకి తెచ్చాయి. వ్యక్తిగత స్థాయిలో వార్తా వ్యాఖ్యానం చేసేవారికీ సంకెళ్లు పడతాయన్న ఆందోళన రేపిన ప్రసార సేవల బిల్లు ముసాయిదా 2024లో విమర్శల నడుమ వెనక్కి వెళ్లింది. పరువునష్టం నోటీసు అందితే పత్రికకు న్యాయవాదులు ఉంటారు. ఒంటరి రచయితకు ఎవరున్నారు?

కనుక కర్తవ్యం స్పష్టం. టీ కొట్టులోనూ యూపీఐతో చెల్లింపులు సాగుతున్న దేశంలో, పది, ఇరవై రూపాయల చందాతో తెలుగులోనో, ఒడియాలోనో వార్తాలేఖ నడుపుకొనే వీలు కల్పించడం అసాధ్యమేమీ కాదు. నెలవారీ మినహాయింపులకు పనికొచ్చే యూపీఐ ఆటోపే 2020 నుంచే అందుబాటులో ఉంది. దాన్ని చిరు ప్రచురణకర్తల చెంతకు చేర్చే బాధ్యతను జాతీయ చెల్లింపుల సంస్థ, బ్యాంకులు స్వీకరించాలి. ఒంటరి రచయితలను పెద్ద సంస్థలతో సమానంగా నిబంధనల చట్రంలో బిగించే ఆలోచనను కేంద్రం మానుకోవాలి. పత్రికా యాజమాన్యాలు సైతం పాఠకుడి రూపాయికి ప్రకటనకర్త రూపాయికన్నా ఎక్కువ గౌరవం ఇవ్వడం నేర్చుకోవాలి. అన్నింటికీ మించి ఆలోచించాల్సింది పాఠకుడే. ఉచితంగా వచ్చిన వార్తకు సైతం ఎవరో ఒకరు మూల్యం చెల్లిస్తూనే ఉంటారు. ఆ చెల్లించేది ఎవరో, ఎందుకో తెలుసుకోని సమాజం ఆ వార్తను నమ్మి ఎంతదూరం నడవగలదు?