భీమిలి దాకా నడక

వచ్చే నెలలో మేము హైదరాబాదుకు మకాం మార్చేస్తున్నాం. మా అబ్బాయి ఉద్యోగం అక్కడే. వాడూ నేనూ మాట్లాడుకుని నిశ్చయం చేశాం. మా ఆవిడ "సరే" అంది. ముప్ఫై ఏళ్ల కాపురంలో ఆవిడ అన్న "సరే"లు లెక్కపెట్టిన పాపాన నేను పోలేదు.

సామాను సర్దుతూ సర్దుతూ ఒకనాడు, "ఏమండీ, ఇన్నాళ్లూ విశాఖపట్నంలో ఉన్నాం. సముద్రం ఒడ్డమ్మట భీమిలి దాకా ఒక్కసారి నడిచి వెళదామా?" అంది.

"బస్సులుండగా నడవడమేమిటే?" అన్నాను. ఆవిడ మారు మాట్లాడలేదు. రెండు రోజులు ఆ మౌనం భరించాక, రుషికొండ దాకా ఆటోలో వెళ్లి అక్కడినుంచి నడిచేటట్టు రాజీ కుదిరింది. అయినా 16 కిలోమీటర్లుంది.

ఇసకలో నడక రోడ్డు మీద నడక వంటిది కాదండీ. పొడి ఇసకలో ఒక అడుగు ముందుకు వేస్తే సగం అడుగు వెనక్కి జారుతుంది. నీరు తీసిన చోట తడి ఇసక మాత్రం గచ్చులా గట్టిగా ఉంటుంది. అందుచేత ఆటు వేళ చూసుకుని బయలుదేరాలి. సముద్రం రోజుకు రెండుసార్లు పొంగుతుంది, రెండుసార్లు తీస్తుంది. ఇదంతా నాకు తెలుసు. ఆదివారం నాటి వేళలు శ్రద్ధగా కాగితం మీద రాసుకున్నాను కూడా. కాని ఇంటికి చుట్టాలు వచ్చి ప్రయాణం గురువారానికి పడింది. ఆటుపోట్లు రోజుకు సుమారు 50 నిమిషాల చొప్పున వెనకబడతాయన్న సంగతి నా కాగితంలో లేదు!

తెల్లవారుతూనే రుషికొండ దగ్గర దిగేసరికి నీరు ఇంకా ఒడ్డు మీదే ఉంది. చెప్పులు సంచిలో వేసుకుని పొడి ఇసకలో పడ్డాం. అలవాటు ప్రకారం నేను ముందు, ఆవిడ వెనక. గంట గడిచేసరికి నా పిక్కలు పట్టేశాయి. వెనక్కి తిరిగి చూద్దును కదా, ఆవిడ పడవ నీడలో వల బాగుచేసుకుంటున్న ఒక ముసలమ్మతో కబుర్లలో ఉంది.

"ఇంకా నీరు తియ్యలేదమ్మా. పది కొడితే గాని తియ్యదు," అంటోంది ముసలమ్మ.

నా కాగితం జేబులోనే ఉండిపోయింది.

"అయితే అందాకా తొట్లకొండ ఎక్కుదాం," అంది మా ఆవిడ. మోకాళ్ల నొప్పులని మేడ మెట్లెక్కని మనిషి, కొండ మీదికి నాకంటే ముందు నడిచింది.

సుమారు రెండు వేల ఏళ్ల కిందట బౌద్ధ భిక్షువులుండిన చోటది. వాన నీటికోసం వాళ్లు రాతిలో తొలిచిన తొట్ల వల్లనే కొండకు ఆ పేరు. 1988లో మొదలైన తవ్వకాల్లో స్తూపాలూ, విహారాలూ, రోమను వెండి నాణేలూ బయటపడ్డాయి. ఇప్పుడు మిగిలినవి చాలావరకు పునాదులే. మా ఆవిడ స్తూపాల జోలికి పోలేదు. భిక్షువుల గదుల పునాదుల మధ్య నుంచుని కాసేపు సముద్రం వైపు చూసింది.

"చాలా చిన్న గదులు కదండీ?"

"ఊఁ."

"ఇంతైనా చాలు. హైదరాబాదులో మన గది కిటికీలోంచి ఏం కనిపిస్తుందన్నాడూ వాడు?"

పక్క మేడ గోడ కనిపిస్తుందని వాడు నాతో అన్నాడు. నేను చెప్పలేదు.

కొండ దిగేసరికి ముసలమ్మ మాట నిజమైంది. మంగమారిపేట రాతి తోరణం దాటాక తడి ఇసక మీద నడక సాఫీగా సాగింది. ఈసారి ఆవిడ ముందు, నేను వెనక. ఎర్రమట్టి దిబ్బల దగ్గర ఆగి పులిహోర తిన్నాం. వేల ఏళ్లుగా గాలి పోగుచేసిన ఇసక అది; ఇనుము తుప్పుతో ఎరుపెక్కింది. వాన నీరు కోసిన గండ్లలో నిలబడితే ఎర్రటి గోడల మధ్య మనిషి చీమంత కనిపిస్తాడు. ఇటువంటి దిబ్బలు మన దేశంలో ఇక్కడా, తమిళనాడులోనూ తప్ప పెద్దగా లేవట. మా ఆవిడ గుప్పెడు ఎర్రమట్టి రుమాల్లో మూటగట్టుకుంది. ఎందుకని నేను అడగలేదు.

భీమిలి చేరేసరికి ఒంటిగంట దాటింది. అనంతగిరి కొండల్లో పుట్టి బొర్రా గుహల మీదుగా వచ్చే గోస్తని ఇక్కడే సముద్రంలో కలుస్తుంది. ఆవిడ ఆ నీళ్లలో కాళ్లు పెట్టుకుని కూర్చుంది. నేను ముంత మసాలా రెండు పొట్లాలు కొని తెచ్చాను.

పొట్లం విప్పుతూ, నా ముఖం చూడకుండానే అంది: "నేను రాను హైదరాబాదు. పండక్కి వెళ్లి వద్దాం. వాడితో నేనే చెబుతాను లెండి."

"మరి ఆ రోజున సరే అన్నావుగా?"

"మీరిద్దరూ నిశ్చయం చేసేశాక ఇంకేమంటానూ?"

తిరుగు బస్సులో నా భుజం మీద తల వాల్చి హాయిగా నిద్రపోయింది. నాకు కునుకు పట్టలేదు. సామాను లారీకి అడ్వాన్సు ఇచ్చేశాను. తిరిగి ఇస్తారో ఇవ్వరో ఇంకా అడగలేదు.