వేషధారి వేగువాడు

బోనకల్లు రైలుస్టేషనులో బండికై వేచియుండు యువకుడు అపరాధపరిశోధక కథలో మునిగియుండుట వింత గాదు. ఐర్లండు ఉగ్రవాద దళములో మాఱువేషముతో చేరిన పోలీసువాని సాహసమన్నచో నతనికి ఆకలి దప్పులుండవు. కథ ముగియును, నాయకుడు గెలుచును, చదువరి పొంగిపోవును. వేషము తీసిన పిమ్మట మిగిలిన శవముల లెక్కను మాత్ర మే కథకుడును చెప్పడు. ఆ లెక్కను మేమడుగుచున్నాము.

ఐర్లండు చరిత్రనే చూతము. 1798 నాటి తిరుగుబాటువీరుల పక్షమున న్యాయస్థానములో వాదించిన లియొనార్డ్ మెక్‌నల్లి వారి రహస్యములను ప్రభుత్వమున కమ్ముకొనుచుండెను. 1820లో నతడు మరణించిన పిదప గాని లోకమున కా ద్రోహము తెలియలేదు. ఇటీవలి కాలమున ‘స్టేక్‌నైఫ్’ అను మాఱుపేరు గల బ్రిటిషు గూఢచారి ఐ.ఆర్.ఏ. దళమున వేగులను పట్టి విచారించు శాఖలోనే పనిచేసెను. వేగులను వేటాడువాడే వేగు! అతనివలన నిలిచిన ప్రాణములకంటె పోయిన ప్రాణములే యెక్కువ కావచ్చునని 2024లో కెనోవా విచారణ నివేదిక తేల్చినది.

ఇది పరదేశపు ముచ్చట యని పాఠకులు పుట మడువవలదు. నక్సలైటు ఉద్యమమును నమ్మి అడవి చేరిన ఖమ్మము ప్రాంతపు యువతిని, పోలీసుల వేగు అను అనుమానముతో 1992లో ఆ దళమువారే చంపిరి. 2022లో వచ్చిన ‘విరాటపర్వం’ చలనచిత్రమున కా విషాదమే ఆధారము. అనుమానమే సాక్ష్యము, తుపాకియే తీర్పు! ‘ఇన్‌ఫార్మరు’ అను ఒక్క మాటకు భద్రాచల మన్యమున నెందఱు నిరుపేదలు బలియైరి! పోలీసులు వేగులను పెంచినకొలది దళములకు అనుమానము పెరుగును; ఆ అనుమానమునకు గూడెమువాడు తల యొగ్గవలసివచ్చును.

రెండవ ప్రక్కయు నిర్మలము గాదు. గ్రేహౌండ్సు దళమును నిర్మించిన వ్యాస్ గారు 1993 జనవరిలో హైదరాబాదున హతులైరి. ఆ కేసులో నిందితుడైన నయీము పిదప పోలీసులకే తోడ్పడెనని పత్రికలు ఘోషించినవి. హత్యలు, భూకబ్జాలు, బెదిరింపులు సాగించినాడని పేరుపడిన ఆతడు 2016 ఆగస్టు 8న షాద్‌నగరులో పోలీసు కాల్పులలో మరణించెను. అతనిని పెంచిన చేతులెవ్వరివి? మృతుడు సాక్ష్యము చెప్పడు గదా!

వేగులు లేక రాజ్యము నడచునా యని కొందఱందురు. నడవదు, చారులే రాజునకు కన్నులని మన పెద్దలే చెప్పిరి. కాని ఒక్క వేగు మాటను నమ్మరాదనియు, మువ్వురి మాట యొక్కటియైననే నమ్మవలెననియు, పలుమాఱు పొసగనివారిని శిక్షింపవలెననియు కౌటిల్యుడు విధించెను. ఆ ప్రాచీన నీతిపాటి కట్టుబాటైనను నేటి ప్రజారాజ్యమున కక్కఱలేదా? బ్రిటను సైతము రహస్య వేగులు చేయు నేరములకు శాసనపు హద్దులు గీయుచు 2021లో చట్టమొనర్చినది.

కావున మా కోరిక స్పష్టము. వేగులను నియోగించుటకు చట్టముండవలెను. ఎవరి యాజ్ఞపై, ఎంతవఱకు అను లెక్క న్యాయమూర్తి యెదుట నుండవలెను. అడవిలోని అన్నలు గాని, ఠాణాలోని అధికారులు గాని, అనుమానము పేర మనిషిని చంపు హక్కు తమకు గలదనరాదు. కథలోని వేగువాడు పుట ముగియగనే ఇల్లు చేరును. గూడెమునకు మాత్రము శవమే చేరుచున్నది.