నడక యాత్రకు ఖర్చేమి?

కాలినడకను పోవు యాత్రకు ఖర్చేమియు నుండదని చెప్పువారు మన యిండ్లలో ననేకులు. రైలుచార్జీ లేదు, బండికూలి లేదు, దారిపొడుగునను అన్నదాతలున్నారు. ఇక రూపాయితో పనియేమి యని వారి వాదము. ఈ వాదమును నమ్మి ఋణములపాలైన కుటుంబము లున్నవి కనుక దీనిని ఖండింపక తప్పదు.

మహారాష్ట్రదేశమున ఆళందినుండి పండరిపురమునకు ఏటేట సాగు వారీయాత్రను జూడుడు. తెలంగాణమునుండియు పాండురంగని భక్తులు పండరికి బోవుచునే యున్నారు. ఆళందినుండి దూరము సుమారు 250 కిలోమీటర్లు. ఆషాఢ శుద్ధ ఏకాదశికి జేరవలెనన్న దాదాపు 3 వారముల నడక. నడచువారు దిండీలను జట్టులుగా గూడుదురు. పెక్కు దిండీలవారు మనిషికింత యని ముందుగానే సొమ్ము పుచ్చుకొని, వంటకు, గుడారమునకు, సామానులు మోయు లారీకి లెక్క వ్రాసికొందురు. దారికి లెక్క గలదు. లెక్క లేనిది ఇంటికే.

ఆషాఢమన నెట్టిది? తొలకరికి విత్తిన చేలలో కలుపు మొలచు కాలము. యజమాని తాళములు వాయించుచు అభంగములు పాడుచు నడచుచుండగా ఆ కలుపు తనంతట పోవునా? ఇల్లాలు వంగి తీయవలెను, లేదా కూలివారిని బెట్టవలెను. ఆ కూలి యే పద్దున వ్రాయబడుచున్నది? అతడే కూలిచేసి బ్రదుకువాడైనచో 3 వారముల రాబడి పోయినట్లే. ఆ లోటు నామె యంగడిలో అరువు తెచ్చి పూడ్చుచున్నది. పుణ్య మాయనది, అప్పు ఆమెది! స్త్రీలును వేలకొలది నడచుచున్నారు గదా యందురేమో. స్త్రీ బయలుదేరిన నాడు ఇంట వంట యెవరు చేయుదురని ముందే వాదము లేచును. పురుషుడు బయలుదేరిన నాడు చేను ఎవరు చూతురని యడుగువాడు లేడు.

1830వ సంవత్సరము మే నెలలో చెన్నపట్టణమున బయలుదేరి 1831 సెప్టెంబరున మరలివచ్చిన ఏనుగుల వీరాస్వామయ్యగారు, ఏ మజిలీలో నేమి దొరకునో తమ కాశీయాత్రచరిత్రలో వ్రాసిపెట్టిరి. ఆయన పల్లకిలో బోయిరి, నడచినవారు బోయీలు, అది వేరుమాట. వారి నడకకైన కూలి గలదు. నేటి మ్రొక్కుబడివాడు తన దినములకు వెలయే కట్టడు.

భగవంతునితో లెక్కలా యని కొందరు మాపై గినుక వహింతురు. మే మడుగు లెక్క భగవంతునితో గాదు, అంగడివానితోను, వడ్డీవ్యాపారితోను. వారి పుస్తకములలో మ్రొక్కుబడికి మాఫీ లేదు.

కావున మ్రొక్కిన దినముననే ఆలుమగలు కూర్చుండి కాగితముపై మొదట కలుపుకూలి వ్రాయవలెను. పిదప 3 వారముల యింటివెచ్చము, బిడ్డల బడిఫీజు. దిండీ సొమ్మును, తిరుగుప్రయాణపు బస్సుచార్జీయు, బొబ్బలెక్కిన కాళ్లకు వైద్యమును అటుపిమ్మట. సొమ్ము చాలదా, అప్పు చేయ నక్కరలేదు. పండరిపురమునకు గడపటి మజిలీ వాఖరి. అంతవరకు బస్సులో బోయి, అక్కడ పల్లకీలతో గలిసి నడచినను యాత్రయే. అది యొక్కపూట నడక. నాలుగైదు దినములలో తిరిగి చేనికి రావచ్చును.